హంసల అంచు

అనగనగా... ఆగండి, ముందు అందరూ ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టని వాళ్ళకి ఈ కథ సగమే వినిపిస్తుంది. కొట్టారా? అయితే వినండి.

అనగనగా కుముదగిరి అనే రాజ్యం. దాన్ని ధర్మవర్ధనుడు అనే రాజు ఏలేవాడు. రాజు మంచివాడు, మనసు మెత్తనివాడు. ఎవరు సంతోషంగా కనబడినా తానూ సంతోషించేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగం విన్నాక జనమంతా రాజుగారి కొలువులో చేరేవారు. ఎవరైనా లేచి "ఈ ఏడు నేను ఫలానా గొప్ప పని చేస్తాను" అంటే చాలు, డోలు మోగేది, సన్నాయి పలికేది. రాజు స్వయంగా సింహాసనం దిగి వచ్చి వాళ్ళ భుజాల మీద పసుపు పట్టు శాలువా కప్పేవాడు. ప్రజలకు ఉత్సాహం కలగాలని రాజుగారి తాతగారు పెట్టిన ఆచారం అది. పెద్దాయన ఉద్దేశం మంచిదే.

మరి జరిగిందేమిటి? బావి తవ్వుతానన్న వీరన్న శాలువా కప్పుకుని ఊరంతా తిరిగాడు. బావి మాత్రం మోకాటి లోతు దగ్గరే ఆగిపోయింది. వానాకాలం వస్తే అందులో కప్పలు కాపురం పెట్టేవి. మంటపం కట్టిస్తానన్న శెట్టిగారు నాలుగు స్తంభాలు లేపి ఊరుకున్నారు. వాటికి జనం మేకల్ని కట్టేసుకునేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. అనడానికి నోరెలా వస్తుంది? ప్రతి ఇంట్లోనూ ఒక శాలువా ఉంది కదా!

నేతవీధిలో భద్రమ్మ ఇంట్లో అయితే మూడున్నాయి.

భద్రమ్మ తల్లి శేషమ్మ హంసల అంచు నేయడంలో దిట్ట. చీర పొడుగునా హంసలు ఒకదాని వెనక ఒకటి మెడలు చాచి నడిచేవి. ఏ హంసా పక్కదానిలా ఉండేది కాదు. ఆ నేత ఆ ఇంట్లో తప్ప మరెక్కడా లేదు. శేషమ్మ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, చేయి పట్టుకుని నేర్పింది. కన్నుమూసే ముందు "హంసలు నాతో ఆగిపోకూడదమ్మా" అని మాత్రం అంది.

భద్రమ్మ ఆ మాట మరచిపోలేదు. ఉగాది రాగానే కొలువులో లేచి నిలబడింది.

"మా అమ్మ నేసిన హంసల అంచు చీర నేనూ నేస్తాను" అంది.

డోలు మోగింది. శాలువా భుజాన పడింది. "శేషమ్మ కూతురంటే ఇలా ఉండాలి!" అన్నారు జనం. భద్రమ్మ గుండె నిండిపోయింది. ఇంటికి వచ్చేసరికి చీర నేసేసినంత తృప్తిగా ఉంది. మగ్గం మీద నిలువు దారాల పడుగు పరిచి, రేపు మొదలుపెడదాంలే అనుకుంది. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, మళ్ళీ ఉగాది కూడా వచ్చింది. మళ్ళీ లేచింది, మళ్ళీ అదే మాట అంది, మళ్ళీ శాలువా కప్పారు. మూడో ఏడూ అంతే. ఇరుగుపొరుగు మగ్గాలకు దారం కండెలు చుట్టిపెట్టి పొట్టపోసుకునేది. తన మగ్గం మీద మాత్రం దుమ్ము పేరుకుంది.

మూడో శాలువా వచ్చిన మర్నాడు కులపెద్ద మార్కండయ్య భద్రమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా భద్రమ్మా, చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. మన వీధి కట్టుబాటు నీకు తెలియనిది కాదు. బట్ట దిగని మగ్గం మన వీధిలో ఉండకూడదు. వచ్చే ఉగాదికల్లా నీ మగ్గం నుంచి ఒక్క చీరైనా దిగకపోతే దాన్ని నేసేవాళ్ళ ఇంటికి పంపించేస్తాను."

"మామయ్యా, అది మా అమ్మ మగ్గం!"

"అందుకేగా తల్లీ ఇన్నాళ్ళు ఆగాను" అన్నాడు మార్కండయ్య. ఆ మగ్గం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

భద్రమ్మ ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. భయం కొన్నాళ్ళు మగ్గం ముందు కూర్చోబెట్టింది. కానీ చీర మొత్తం తలచుకోగానే చేతులు ఆడేవి కావు. ఎన్ని హంసలు! ఎంత పొడవు! పోనుపోను భయం కూడా అలవాటైపోయింది. మగ్గం మళ్ళీ మూలుగుతూ పడి ఉంది.

ఇంతలో తొలకరి పడింది.

పెరట్లో ఈతచెట్టు మీదికి ఒక గిజిగాడు వచ్చాడు. ఆకు చీల్చి పోచ తెచ్చేవాడు, కొమ్మకు ముడి వేసేవాడు, మళ్ళీ ఎగిరిపోయేవాడు. ఒకరోజు పొద్దు వాలే వేళ గూట్లోకి ఒక పోచ సగం దోపి, సగం గాలికి వేలాడేలా వదిలేసి ఎగరబోయాడు. భద్రమ్మ ఎంతైనా నేత బిడ్డ కదా, చూస్తూ ఊరుకోలేకపోయింది.

"ఏయ్ గిజిగా! ఆ పోచ సగంలో వదిలేశావేం? దోపేసి వెళ్ళు."

"దోపేస్తే రేపు ఎందుకు వస్తాను?" అన్నాడు గిజిగాడు.

"ఎందుకేమిటి, గూడు కట్టడానికి!"

"అమ్మో, గూడే! అంత గూడు తలచుకుంటే ఇంత పిట్టకి రెక్కలు లేస్తాయా తల్లీ? ఈ వేలాడే పోచని తలచుకుంటే మాత్రం తెల్లారకుండానే లేస్తాను. అది దోపడానికి వస్తానా, ఆ తర్వాత ముక్కు దానంతట అదే ఇంకో పోచ వెతుక్కుంటుంది."

ఆ మాట అని తుర్రుమన్నాడు. భద్రమ్మ గాలికి ఊగుతున్న ఆ పోచ వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి మగ్గం తుడిచింది. నాడెలో దారం కండె పెట్టి పడుగు మధ్యగా అటు నుంచి ఇటు విసిరింది. నాలుగు పోగులు పడ్డాయి. అయిదోసారి నాడెను పడుగు మధ్యలోనే వదిలేసి లేచింది.

మర్నాడు నిద్ర లేవగానే ఆ నాడె గుర్తొచ్చింది. సగంలో ఆగిన పోగు గుర్తొచ్చింది. మొహం కడుక్కోవడం కూడా తరవాతే, ముందు వెళ్ళి ఆ పోగు పూర్తి చేసింది. చేయి ఊరుకుంటుందా? ఇంకో పోగు, ఇంకో పోగు. ఆ రోజు మధ్యాహ్నానికి మొదటి హంసకు ముక్కు వచ్చింది.

అప్పటినుంచి రోజూ అదే పద్ధతి. పొద్దున లేవగానే నిన్నటి పోగు. సాయంత్రం లేచేముందు రేపటికో పోగు.

శ్రావణంలో పెద్ద గాలివాన వచ్చింది. గిజిగాడి గూడు తెగి బురదలో పడింది. భద్రమ్మ ఇంటి కప్పు కారి మగ్గం తడిసింది. పడుగు పోగులు పటపటా తెగాయి. వాన వెలిశాక చూసుకుని పెరటి గుమ్మంలో కూలబడింది. పైన చూస్తే గిజిగాడు అదే కొమ్మకు అప్పుడే ముడి వేస్తున్నాడు.

"గూడు పోయింది కదా, నీకు ఏడుపు రావడం లేదా?" అని అడిగింది.

"ఏడుస్తూనే కడుతున్నాను. ఈ ముక్కుకి రెండు పనులూ వచ్చు" అన్నాడు గిజిగాడు. "పోయినసారి గట్టి ముడి ఎక్కడ వేయాలో తెలియలేదు. ఈసారి తెలుసు."

భద్రమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి తెగిన పోగులను ఒక్కొక్కటే వెతికి ముడి వేసింది. ముందు కప్పు సరిచేసింది లెండి, అంత మాత్రం తెలివి ఉంది.

వానలు వెళ్ళిపోయాయి. గిజిగాడు కూడా పిల్లలతో ఎటో వెళ్ళిపోయాడు. పెరడు నిశ్శబ్దమైపోయింది. పలకరించేవాళ్ళు లేరు, భేష్ అనేవాళ్ళు అంతకంటే లేరు. అయినా భద్రమ్మ నేస్తూనే ఉంది. సరిగ్గా చీర సగానికి వచ్చేసరికి హంసలకు వాడే పసుపు పట్టు అయిపోయింది. ఎక్కడ అడిగినా దొరకలేదు. రాజ్యంలో ఉన్న పసుపు పట్టంతా ఉగాది శాలువాలకే పోతుంది మరి.

భద్రమ్మ గోడ వైపు చూసింది. మూడు శాలువాలు కొయ్యకు వేలాడుతున్నాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాటినే చూసేవారు. ఆ ఇంట్లో ఉన్న గొప్పంతా అవే. అవి తీసేస్తే గోడ బోసిపోతుంది.

చాలాసేపు చూసింది. చివరికి లేచి మొదటి శాలువా దించి, కొస వెతికి పోగు లాగింది.

విప్పుతుంటే ఆనాటి డోలు చప్పుడు చెవిలో మోగింది. జనం అన్న మాటలు వినబడ్డాయి. భద్రమ్మకు సిగ్గేసింది. ఆ పట్టును కండెకు చుట్టి నేస్తుంటే సిగ్గు కొంచెం కొంచెంగా పోయింది. ఆఖరి శాలువా ఆఖరి పోగుతో ఆఖరి హంసకు తోక పూర్తయింది.

ఉగాది వచ్చింది. కొలువు నిండిపోయింది. ఒకడు వంతెన కడతానన్నాడు, డోలు మోగింది. ఒకడు కొండకు మెట్లు వేస్తానన్నాడు, డోలు మోగింది. రాజు భద్రమ్మను చూసి ప్రేమగా నవ్వాడు.

"ఏమమ్మా భద్రమ్మా, ఈ ఏడు ఏం చేయబోతున్నావు?"

భద్రమ్మ లేచింది. చంకలోని మూట విప్పి చీర పరిచింది.

కొలువు ఈ కొస నుంచి ఆ కొస దాకా హంసలు మెడలెత్తి నడిచాయి. డోలు వాయించేవాడు కర్ర ఎత్తి అలాగే ఉండిపోయాడు. చేసిన పనికి వాయించడం పాపం వాడికి అలవాటు లేదు.

రాజు వంగి అంచు తడిమాడు. "ఈ పట్టు మేము కప్పే శాలువాల పట్టులా ఉందే?"

"ఆ శాలువాలే మహారాజా. మూడింటినీ విప్పేశాను."

"ప్రభువు కప్పిన శాలువా విప్పుతావా! ఎంత ధైర్యం!" అని మంత్రి గద్దించాడు.

భద్రమ్మ తల దించలేదు. "అవి చేస్తానన్న మాటకు కప్పినవి అయ్యా. మూడేళ్ళు ఆ మాట నిలబెట్టుకోలేదు, కనుక అవి నావి కావు. ఈ హంసలు నావి."

రాజు ఆ హంసల వైపు మరోసారి చూశాడు. తర్వాత పళ్ళెంలోని కొత్త శాలువాలను లోపలికి పంపించేశాడు. భద్రమ్మ నేసిన చీరనే రెండు చేతులా ఎత్తి ఆమె భుజాల చుట్టూ కప్పాడు.

"ఈ కొలువులో నీకు కప్పదగిన బట్ట ఇదొక్కటే తల్లీ. ఇకనుంచి మా శాలువాలు పని పూర్తి చేసినవారికే" అన్నాడు.

అప్పుడు మోగింది డోలు! మార్కండయ్య కండువాతో కళ్ళు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. "మగ్గం నీదేనమ్మా. మీ అమ్మ ఉంటే ఈ వేళ ఎంత పొంగిపోయేదో!" అన్నాడు.

"విందుకు కూర్చో భద్రమ్మా. ఇంతకీ వచ్చే ఉగాదికి ఏం నేస్తావు?" అని అడిగాడు రాజు.

"అది ఇప్పుడు చెప్పను మహారాజా" అని నవ్వింది భద్రమ్మ. "ఇంటి దగ్గర కొత్త పడుగులో నాడె సగంలో ఉంది. సెలవిప్పించండి."

భుజాన హంసలతో, ఎత్తిన తలతో, జనం దారి ఇస్తుండగా నడిచి వెళ్ళిపోయింది. ఆ ఏడు వీరన్న బావిలో నీళ్ళు పడ్డాయి, కప్పలు వేరే కాపురం చూసుకున్నాయి. కథలన్నీ కంచికి వెళ్తాయంటారు, ఈ కథ మాత్రం తిన్నగా మగ్గం దగ్గరికే వెళ్ళింది.

అందుకే పిల్లలూ, పెద్ద పని తలపెట్టినవాళ్ళు ముందుగా మెప్పు కోసం చూడకూడదు. ఈ రోజు పని ఈ రోజు చేసి, రేపటికి ఒక్క పోగు మిగుల్చుకుంటే ఎంత పెద్ద పనైనా పూర్తవుతుంది.