ఎర్ర మూల బొంత

అనగనగా, కాలవ గట్టు పక్కన ఒక ఊళ్ళో, గవర్రాజు అని ఒక కుర్రాడుండేవాడు. కాలేజీ చదువు అప్పుడే అయిపోయింది. మీసం అప్పుడే మొలకేసింది. "నా అంత శుభ్రమైన మనిషి ఈ ఊళ్ళోనే కాదు, కాలవకి అవతలి ఊళ్ళో కూడా లేడు" అనేవాడు. అలా అంటున్నప్పుడు వాడి చొక్కా జేబు మీద, పొద్దున పెసరట్టుతో తిన్న అల్లప్పచ్చడి ఉండేది.

వాళ్ళది నిండు ఇల్లు. నాయనమ్మ వీరమ్మ, అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన సుభాషిణి, వాళ్ళకి తాయారు అని నీ అంత కూతురు. సరిగ్గా నీ అంతే. నీలాగే పాలు తాగమంటే కాళ్ళు కొట్టుకునేది.

ఆ ఇంట్లోకి వచ్చింది ఏదీ బయటికి పోయేది కాదు. వంటింటి తలుపు వెనక మేకుకి ఒక కవరు, ఆ కవరు నిండా కవర్లు. బిస్కెట్ల డబ్బా ఆశగా తెరిస్తే సూదులూ బొత్తాలూ. ఒక అరలో మూత లేని డబ్బాలు, ఇంకో అరలో డబ్బా లేని మూతలు. ఎవరికి ఏం కావాలన్నా ఇంట్లోనే ఉండేది, కానీ ఎవరికీ దొరికేది కాదు. దొరక్క కొత్తది కొనేవాళ్ళు. కొన్న మర్నాడు పాతది దొరికేది.

ఒకరోజు అందరూ పొరుగూళ్ళో బారసాలకి బయల్దేరారు. తాయారు రెండో చెప్పు ఎంత వెతికినా దొరకలేదు. ఒక కాలికి ఎర్ర చెప్పు, ఒక కాలికి నీలం చెప్పు వేసి తీసుకెళ్ళారు.

అప్పుడు గవర్రాజు గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "వదినా, మీరు వెళ్ళి రండి. సాయంత్రానికి ఇల్లంతా అద్దం చేసి పెడతాను" అన్నాడు.

"అద్దం సంగతి తర్వాత. ముందు కిటికీలో మొన్నట్నించి ఉన్న నీ కాఫీ గ్లాసు తియ్యి బాబూ" అంది సుభాషిణి.

వాళ్ళటు వెళ్ళగానే వీడు పంచె ఎగ్గట్టాడు. సామానంతా హాల్లోకి లాగి మూడు కుప్పలు పెట్టాడు. ఉంచేవి ఒక కుప్ప, పారేసేవి ఒక కుప్ప, ఇచ్చేసేవి ఒక కుప్ప. ఉంచేవాటి కుప్పలో ఏమున్నాయో చెప్పనా? అన్నీ వాడివే. పట్టని చొక్కాలు, పిడి ఊడిన బ్యాటు, ఒక చెవిలోనే పాడే ఇయర్‌ఫోన్లు. ఊళ్ళో శుభ్రమైన మనిషి కదా, సొంత సామాను జోలికి మాత్రం పోలేదు.

పారేసేవి చెత్తబండి ఎక్కాయి. ఆ తర్వాత సరిగ్గా సమయానికి, వీధిలో అప్పాయమ్మ కేక వినపడింది.

"పాత బట్టలకి స్టీలు సామాన్లమ్మా..."

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. ఏ బట్టైనా పాత చీరలో పెట్టి మూట కడతారు. వెల్ల వేసిన గోడకి మూటలన్నీ వరసగా ఆనించి ఉంటాయి. ఏ మూటలో ఏముందో నాయనమ్మకి ముడి చూస్తే తెలుస్తుంది. గవర్రాజుకి తెలీదు. విప్పి చూడొచ్చు కదా అంటావేమో. అంత శుభ్రమైన మనిషికి మూట విప్పే ఓపిక మాత్రం లేదు.

మూటలన్నీ అలాగే ఎత్తి ఇచ్చేశాడు. అప్పాయమ్మ వాడికి తళతళలాడే స్టీలు బకెట్టు ఒకటీ, మూడు గిన్నెలూ ఇచ్చింది. ఇల్లు ఖాళీ చేద్దామని మొదలెట్టినవాడు, ఖాళీ అయిన అరలో గిన్నెలు సర్దాడు.

సాయంత్రం అందరూ వచ్చారు. ఇల్లు చూసి సుభాషిణి గడపలోనే ఆగిపోయింది. కాఫీ గ్లాసు కిటికీలోనే, వాడి కుప్ప హాల్లో ఓ మూలనే ఉన్నాయి గానీ, మిగతాదంతా నిజంగానే అద్దంలా ఉంది. గవర్రాజు మెడ చూడాలి, కోడిపుంజులా లేచి నిలబడింది.

ఆ తర్వాత హాల్లో చాపలు పరిచారు. నాయనమ్మ చాప, తాయారు చాప, గవర్రాజు చాప, వరసగా. తాయారు పడుకోబోయి లేచి కూచుంది.

"నా మూలేది?" అంది.

అందరూ నాయనమ్మ వంక చూశారు. నాయనమ్మ గోడ వంక చూసింది. గోడ దగ్గర మూటల్లేవు.

ఆ మూటల్లో ఒకదాంట్లో బొంత ఉంది కన్నా. నాయనమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. పగలు మూటలో ఉండేది, రాత్రి తాయారు మీద ఉండేది. దానికి ఒక మూల ఎర్ర ముక్క. ఉతికి ఉతికి వెలిసి, దూదిలా మెత్తబడిపోయిన ముక్క. ఆ మూల చెంపకి రాసుకుంటే గానీ తాయారుకి నిద్ర పట్టేది కాదు.

సుభాషిణి పెట్టెలోంచి కొత్త రగ్గు తీసి కప్పింది. "ఇది జారిపోతోందమ్మా" అంది తాయారు. అన్నయ్య తన లుంగీ మడిచి ఇచ్చాడు. "ఇది నాన్న వాసనొస్తోంది." సుభాషిణి తన చీర కొంగు చేతికిచ్చింది. తాయారు కాసేపు పట్టుకుని మర్యాదగా తిరిగిచ్చేసింది.

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బావుండేది. గోడకి ఆనుకుని, కళ్ళు తెరుచుకుని, అలా కూచుంది.

అప్పుడు నాయనమ్మ మెల్లిగా చెప్పింది. "బొంత పోతే పోయిందిరా గవర్రాజూ. చీకిపోయింది కూడా. చలికాలం వచ్చేలోగా తాయారుకి కొత్తది కుడదామనే అనుకున్నాను. కానీ ఆ ఎర్ర ముక్క మా అత్తగారి బొంతలోది. ఆవిడకి వాళ్ళమ్మ బొంతలోంచి వచ్చింది. పాలకి తోడు వేసినట్టు, మనింట్లో కొత్త బొంతకి పాత బొంత ముక్క వెయ్యాలి. అది లేకుండా నేను సూది పట్టను."

అంతే అంది. తిట్టలేదు. గవర్రాజు పొద్దున్నుంచీ మోసిన మూటలన్నీ ఒక్కసారిగా నెత్తి మీద పడ్డట్టు కూలబడ్డాడు. తాయారు చివరికి గోడకానుకునే కునికిపాట్లు పడింది. గవర్రాజు అటు పొర్లాడు, ఇటు పొర్లాడు, ఇంటి దూలాలన్నీ చూశాడు.

తెల్లారగానే కొత్త తువ్వాలు భుజాన వేసుకుని సైకిలెక్కాడు. ముందు అప్పాయమ్మ ఇంటికెళ్ళాడు. ఆవిడ అరుగు మీద గిన్నెలు తోముతోంది.

"బొంతా? నిన్న సాయంత్రమే రైసుమిల్లు వాచ్‌మన్ పెద్దిరాజుకిచ్చేశాను బాబూ. బల్ల మీద వేసుకుంటానన్నాడు. అయినా నిన్న మూట విప్పమంటే, 'మా ఇంటి సంగతి నాకు తెలీదా' అన్నావు కదా" అని నవ్వింది.

అప్పుడు గవర్రాజు రైసుమిల్లుకెళ్ళాడు. పెద్దిరాజు బల్ల మీద కూచుని టీ తాగుతున్నాడు. బల్ల మీద బొంత లేదు.

"ఆ బొంతా? నేను తెల్లారగట్ల గేటు తియ్యడానికెళ్ళాను. వచ్చేసరికి కుక్క ఈడ్చుకుపోయింది. ఊక కుప్ప వెనకాలుంది చూడు, కొత్తగా పిల్లల్ని పెట్టింది" అన్నాడు పెద్దిరాజు. ఆ తర్వాత వీడి మొహంలోకి చూశాడు. "బొంత ఎవరికిరా అబ్బాయ్?"

"మా అన్నయ్య కూతురికండీ. చిన్నపిల్ల. నిద్రపోవట్లేదు."

"కళ్ళు మాత్రం నీవి ఎర్రగా ఉన్నాయే."

గవర్రాజు ఆ మాట వినపడనట్టు ఊక కుప్ప వెనక్కి నడిచాడు.

అక్కడ గోధుమరంగు కుక్క. దాని కింద బొంత. బొంత మీద బూరెల్లా మూడు కుక్కపిల్లలు, ఒకదాని మీద ఒకటి.

మొదట గవర్రాజు టీకొట్టులో బన్ను కొనుక్కొచ్చి పెట్టాడు. కుక్క బన్ను తిని, మూతి నాక్కుని, గుర్రుమంది.

ఆ తర్వాత బతిమాలాడు. "నువ్వు మంచిదానివి కదూ. బంగారానివి కదూ. ఆ మూల ఒక్కటీ ఇచ్చెయ్యవే" అన్నాడు. కుక్క ఈసారి పళ్ళు కూడా చూపించింది. బంగారం కాదు, ఇనుము.

ఇంక ఏం చెయ్యాలో తోచక అక్కడే ఊకలో చతికిలబడ్డాడు. పెద్దగా ఆవలించాడు. బొంత మీద వెచ్చగా పడుకున్న ఆ మూడు పిల్లల్నీ చూస్తూ కూచున్నాడు. ఒకవేళ కుక్క కాస్త అటు వెళ్ళినా, వాటి కిందనుంచి ఆ బొంత లాగడానికి తనకి చేతులు రావని అప్పుడు వాడికి తెలిసింది.

అప్పుడు ఒక పిల్ల దొర్లుకుంటూ బయటికొచ్చింది. దాని నోట్లో ఏముందనుకున్నావు? ఎర్ర మూల. పట్టుకుని గుంజుతోంది. పాత కుట్లు ఒక్కొక్కటే పుట్‌పుట్‌మంటున్నాయి. చివరికి ముక్క ఊడి, పిల్ల వెల్లకిలా పడింది.

గవర్రాజు భుజం మీద తువ్వాలు తీసి దాని ముందు ఆడించాడు. పిల్ల చూసింది. ఎర్ర ముక్క వదిలేసి తువ్వాలు పట్టుకుంది. తల్లి కుక్క ఒకసారి వాసన చూసి, ఆ తువ్వాలు కూడా కిందకి లాక్కుంది. నిన్న పాత మూటలిచ్చి కొత్త బకెట్టు తీసుకున్నవాడు, ఇవాళ కొత్త తువ్వాలిచ్చి పాత ముక్క తీసుకున్నాడు. ఈసారే బేరం బాగా కుదిరిందనిపించింది వాడికి.

ఇంటికొచ్చి ఆ ముక్క నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఊకా, కుక్కపిల్ల చొంగా, అన్నీ ఉన్నాయి దాని మీద. నాయనమ్మ దాన్ని కొత్త స్టీలు బకెట్టులో కుంకుడురసంలో నానేసింది. ఆ బకెట్టు చేసిన మొదటి మంచి పని అదే.

"ముక్క దొరికింది సరే. మరి బొంతకి పాత బట్టలేవిరా?" అంది నాయనమ్మ.

ఇల్లంతా వెతికారు. పాత నూలు గుడ్డ అన్నది ఒక్కటీ లేదు. ఎక్కడుంటుంది, అన్నీ అప్పాయమ్మ గంపెక్కి వెళ్ళిపోయాయి కదా. అప్పుడు అందరూ నెమ్మదిగా అటు తిరిగారు. హాల్లో ఒక మూల ఒకే ఒక్క కుప్ప మిగిలింది. గవర్రాజు ఉంచుకున్న కుప్ప.

"వద్దు నాయనమ్మా, ఆ గళ్ళ చొక్కా కాలేజీకి మొదటిరోజు వేసుకున్నది" అన్నాడు.

"ఇప్పుడు పడుతుందా?"

"పట్టదు."

నాయనమ్మ కత్తెర అందుకోబోయింది. గవర్రాజు ఆగమని, కత్తెర తనే తీసుకున్నాడు. గళ్ళ చొక్కా వాడే కత్తిరించాడు. ఆ తర్వాత క్రికెట్టు చొక్కా. ఆ తర్వాత చంకల్లో చిరిగిన లాల్చీ. మొదటిదానికి ప్రాణం ఉసూరుమంది. రెండోదానికి కొంచెం. మూడోదానికి, ఇన్నాళ్ళూ ఇది ఎందుకు దాచానబ్బా అనుకున్నాడు.

నాయనమ్మకి చూపు ఆనదు. అందుకని గవర్రాజు సూదిలో దారం ఎక్కించేవాడు. ఎక్కించి, పక్కనే కూచుని తనూ కుట్టేవాడు. నాయనమ్మ కుట్టు చీమలబారులా తిన్నగా సాగేది. వాడిది పీత నడకలా పక్కపక్కకి పోయేది. తాయారు ఆ వంకర కుట్ల మీద వేలు పెట్టి, బస్సు పోనిస్తున్నట్టు ఆడుకునేది.

మిగిలిన ముక్కల్తో సుభాషిణి సంతకి సంచులు కుట్టించింది. ఎవరి చేతనో వేరే చెప్పాలా? గళ్ళ చొక్కా జేబున్న సంచి పట్టుకుని గవర్రాజు కూరగాయలకెళ్తే, కొట్టువాళ్ళు జేబులో పచ్చిమిరపకాయలు కొసరు వేసేవాళ్ళు. తలుపు వెనక కవర్ల కవరు పెరగడం మానేసింది. ఇంట్లో ఇంకో పద్ధతి కూడా వచ్చింది. ఆదివారం ఆదివారం ఒక్కటంటే ఒక్క అర, అందరూ చుట్టూ కూచుని సర్దడం. ఎవరి వస్తువు వాళ్ళే తియ్యాలి. మూట ఉంటే విప్పి మరీ చూడాలి. అలా సర్దుతుంటే ఒకరోజు తాయారు రెండో ఎర్ర చెప్పు దొరికింది. పప్పు డబ్బాలో ఉంది. అదెలా వెళ్ళిందో నన్నడగకు, తాయారుని అడగాలి.

చలిగాలి మొదలయ్యేసరికి బొంత కుట్టడం అయిపోయింది. చాపలు పరిచారు. నాయనమ్మ బొంత దులిపి కప్పింది. తాయారు ఎర్ర మూల చెంపకి రాసుకుంది. ఒకసారి నవ్వింది. రెండోసారి ఆవలించింది. మూడోసారికి నిద్రపోయింది.

ఇల్లు సద్దుమణిగాక గవర్రాజు చెయ్యి మెల్లిగా తన చాప మీంచి జరిగింది. బొంత రెండో మూల పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. ఆ మూల కూడా దూదిలా మెత్తగా ఉంది. కిటికీ వెలుగులోకి లాగి చూశాడు. ఎర్రగా ఉంది. నాయనమ్మ ఆ ముక్కని రెండు చేసి, రెండు మూలలకీ వేసింది.

"నాయనమ్మా, ఉన్న ఒక్క ముక్కా రెండెందుకు చేశావు?" అన్నాడు గుసగుసగా.

నాయనమ్మ కళ్ళు తెరవలేదు. "తాయారుకి ఒక మూల చాలు కదా. మరి రెండోది ఎవరికంటావు?" అంది.

గవర్రాజు మోచేతి మీద లేచాడు. తాయారు నిద్రపోయిందో లేదో ఒకసారి వంగి చూశాడు. వదిన గది తలుపు వేసుందో లేదో చూశాడు. ఆ తర్వాత బొంత ముక్కు దాకా లాక్కుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"నాకే. చిన్నప్పట్నించీ అంతే. పిల్ల పడుకున్నాక, రోజూ ఒక మూల నేను పట్టుకునేవాణ్ణి. అది లేకపోతే నాకూ నిద్ర పట్టదు నాయనమ్మా."

కథ కంచికి నడిచెళ్ళింది,
కునుకు మన ఇంటికొచ్చింది.
ఒక మూల నీకు, ఒక మూల నాకు,
నడిమధ్య వెచ్చన మన నిద్దరకు.