కొమ్మలన్నీ పోలయ్యవే

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. ఆ వాగు మీదికి ఒరిగి ఒక ముళ్ళ తుమ్మ ఉండేది. పిల్లలూ, ఆ తుమ్మ కొమ్మలంటే గిజిగాళ్ళకు ప్రాణం. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పాము రాదు, కోతి రాదు.

గిజిగాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. గడ్డిపోచతో ముందుగా ఎవరు ముడి వేస్తే కొమ్మ వాళ్ళది. మగపిట్ట సగం గూడు అల్లి వేలాడదీయాలి. ఆడపిట్ట వచ్చి లాగి చూస్తుంది, ఊగి చూస్తుంది. నచ్చితే సరేనంటుంది. అదే వాళ్ళ పెళ్ళి. మిగతా సగం ఆ తర్వాత అల్లుకోవాలి.

పోలయ్య అని ఒక ముసలి గిజిగాడు. వయసులో ఉన్నప్పుడే నీళ్ళ మీది కొమ్మలన్నిటికీ ముడులు వేసిపెట్టాడు. ఒకదాని మీద కాపురం చేశాడు. మిగతావి ఊరికే ఉంచాడు. ఇప్పుడు ఏ కుర్రపిట్టకు కొమ్మ కావాలన్నా పోలయ్య దగ్గరికే రావాలి. రోజుకు ముక్కెడు జొన్నలు ఇచ్చుకోవాలి.

"మా కాలంలో మాకెవడిచ్చాడు? మా ముక్కుతో మేం కట్టుకున్నాం" అనేవాడు పోలయ్య. ఆ కాలంలో కొమ్మలు ఊరికే దొరికేవన్న సంగతి మాత్రం అతనికి గుర్తొచ్చేది కాదు. మిగతావన్నీ గుర్తే. ఒకప్పుడు తన గూడు లాగి చూసి, మూతి విరుచుకుని వెళ్ళిపోయిన ఆడపిట్ట కూడా గుర్తే.

వానలు మొదలయ్యాయి. కొడుకు ఈరన్న వచ్చాడు.

"నాన్నా, నాకో కొమ్మ ఇయ్యి. గూడు కట్టుకుంటాను."

"కట్టుకో. జొన్నలేవీ?"

"నేను నీ కొడుకునే కదా."

"అందుకే ముందు నిన్నడుగుతున్నా. న్యాయం ఇంట్లోంచే మొదలవ్వాలి."

"ఏమయ్యా, అన్ని కొమ్మలు ఏం చేసుకుంటావు?" అంది భార్య అచ్చమ్మ.

"నువ్వూరుకో. ఊరికే ఇస్తే వాడికి విలువ తెలీదు."

ఈరన్న పొద్దుటే జొన్నలకు పోయేవాడు. అవి ఇచ్చుకుని, మిగిలిన కాస్త పొద్దులో నాలుగు పోచలు అల్లేవాడు. ఒకనాడు దారిలో ఒక ఈతపండు నోట్లో వేసుకున్నాడు. అది పోలయ్య చూశాడు.

"ఈతపళ్ళు తింటూ తిరిగితే గూళ్ళెలా అవుతాయి?" అని చెట్టంతా చాటాడు. ముసలి పిట్టలన్నీ అవునవునని తలలూపాయి. వాటి ముక్కులకు ఈతపండు గుజ్జు ఇంకా ఆరలేదు.

సింగారి అనే ఆడపిట్ట గూడు చూడటానికి వచ్చింది. లాగి చూసింది.

"అల్లిక గట్టిగానే ఉందిగానీ, ఇది గూడా, గాజా? ఇందులో కాపురం చేయాలా?"

"జొన్నలకు పోగా మిగిలిన పొద్దులో ఇంతే అయింది" అన్నాడు ఈరన్న.

సింగారి కాసేపు ఊగుతూ ఆలోచించింది. "సరే, నేనూ పోచలు తెస్తా పద" అంది. ఆడపిట్ట పోచలు మోయడం ఆ చెట్టు మీద అంతకుముందు ఎవరూ చూడలేదు. పోలయ్య మూతి ముడుచుకున్నాడు. అప్పుడు మూతి విరిచిన పిట్ట కూతురే ఈ పిల్ల.

సగం గూడయింది. పెళ్ళయింది. పోలయ్య వచ్చి చూశాడు.

"కొమ్మకు కళొచ్చింది. ఇకమీదట పూటకు ముక్కెడు."

"ఆ కళ తెచ్చింది మేమే కదా నాన్నా."

"కొమ్మ లేకపోతే నీ కళ ఎక్కడ వేలాడదీస్తావు?"

మిగతా సగమూ అయింది. లోపల తడిమట్టి అద్దుకున్నారు. పోలయ్య మళ్ళీ వచ్చాడు.

"నిండు గూడున్న కొమ్మ. అవతలి గట్టు వాళ్ళు కూడా అడుగుతున్నారు. పూటకు ముక్కెడు, దాంతోపాటు ఒక మిడత. లావుపాటిది."

మూడోసారి నవ్వు మొహంతో వచ్చాడు.

"ఏమ్మాయ్, గుడ్లెప్పుడు పెడతావు? చెట్టు మీద పిల్లల కిచకిచ విని ఎన్నాళ్ళయిందో. మనవల్ని చూడాలని ఉంది."

"నేను గుడ్ల మీద కూర్చుంటే మీ మిడతనెవరు పడతారు మామయ్యా?"

"మీ అత్త పొదగలేదా?"

"అత్తయ్య పొదిగినప్పుడు ఈ కొమ్మకు ఎవరికేం ఇచ్చారు?"

పోలయ్య దగ్గాడు. "పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా ఇది? మీ అమ్మదీ ఇదే నోరు."

అచ్చమ్మ అతన్ని పక్కకు పిలిచింది. "ఆ జొన్నలూ మిడతలూ మానెయ్యి. మనవలు వాళ్ళే వస్తారు."

పోలయ్య కొమ్మ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. మానేద్దామనే అనుకున్నాడు. కానీ ఒకడికి మానేస్తే అందరూ అడుగుతారు.

"మనవలు వచ్చే ఏడైనా వస్తారు. ధర ఒకసారి దించితే మళ్ళీ ఎక్కదు" అన్నాడు.

మర్నాడు చూస్తే గూడు ఖాళీ. అడవి అంచున ఒక పాడుబడ్డ బావి ఉంది. అందులోకి తీగలు వేలాడుతున్నాయి. ఇరుకు, చీకటి. కానీ ఆ తీగలకు ఎవరి ముడులూ లేవు. ఈరన్న, సింగారి అక్కడికి పోయారు. కుర్రపిట్టలన్నీ వాళ్ళ వెనకాలే పోయాయి. అచ్చమ్మ కూడా పోయింది.

"తిరిగి రాకేం చేస్తారు? అప్పుడు రెండు మిడతలు అడుగుతా" అన్నాడు పోలయ్య.

ఎవరూ రాలేదు. గట్టి వానకు అతని పాత గూడు చిరిగి వాగులో పడింది. పక్కనే కొడుకు వదిలిపోయిన కొత్త గూడు ఊగుతోంది. పోలయ్య అందులోకి తల పెట్టి, మళ్ళీ తీసేశాడు. బయటే తడుస్తూ కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు బావిలోంచి సన్నగా కిచకిచలు వినబడ్డాయి. పోలయ్య ఉండబట్టలేక వెళ్ళాడు.

"రండి మామయ్యా. లోపల చోటు లేదు, అంచున కూర్చోండి" అంది సింగారి.

గూట్లోంచి ఒక పిల్లపిట్ట తల బయటపెట్టింది.

"తాతా, నీకు చెట్టంతా కొమ్మలున్నాయంట కదా. కొత్త గూడు కూడా ఖాళీగా ఉందంట. మరి ఇలా తడిసిపోయావేం?"

"అందులో దూరితే పాతదైపోదట్రా? మంచి ధర వచ్చినప్పుడు ఇవ్వాలి."

"ఎవరికిస్తావు తాతా?"

పోలయ్య చుట్టూ చూశాడు. కొమ్మ అడగాల్సిన కుర్రపిట్టలన్నీ ఆ బావిలోనే ఉన్నాయి.

నీతి: కొమ్మలన్నీ తమ కిందే పెట్టుకున్న పెద్దలు, పిల్లలు గూడు కట్టుకోలేదని దెప్పకూడదు.