గెడ్డ ఎక్కుడు మీద గవరాజు బండి

ఏం బిగిస్తే తన బండి మళ్ళీ మనిషిని మోసుకుని ఎక్కుడు ఎక్కుతుందో గవరాజుకు అంతుపట్టడం లేదు. అన్నం సయించడం లేదు, కంటి మీద కునుకు లేదు. చివరికి ఒకరోజు నడిరాత్రి దాటగానే విడిభాగాలన్నీ గోనెసంచిలో వేసుకుని, నర్సీపట్నంలో తనకు పని నేర్పిన మీరావలి ఉస్తాద్ షెడ్డుకు ఆ బండి మీదే బయల్దేరాడు.

అది మామూలు బండి కాదు. లావాటి నాలుగు టైర్లు, మోటారు సైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు. ఏటీవీ అంటారు. ఎవరో పుణ్యాత్ములు పాతది కొని వెలగలబంద కొండకు ఇచ్చారు. వెనక స్ట్రెచర్ అమర్చారు. అంతకుముందు కొండ మీద ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా డోలీ కట్టి మోసుకు రావలసిందే. బండి వచ్చాక గవరాజే తోలేవాడు. అతను ఎదురైతే కొండ ఆడవాళ్ళు నెత్తి మీది బిందె దించి మరీ దణ్ణం పెట్టేవారు. ఆ దణ్ణాలే అతన్ని చెడగొట్టాయనుకోవాలి.

ఉన్న వేగం అతనికి చాలదనిపించింది. అది టూ-స్ట్రోక్ ఇంజను. సిలిండరు గోడకు చిన్న చిన్న కిటికీలుంటాయి. పెట్రోలు కలిసిన గాలి వచ్చేదీ, పొగ పోయేదీ వాటిలోంచే. పోర్టులంటారు. వాటిని గీకి పెద్దవి చేస్తే, రేసు బళ్ళకు పెట్టే సైలెన్సరు దానికి తోడైతే, బండి ఇక ఆగదని విన్నాడు. తన చేత్తో తానే గీకి, చెవులు హోరెత్తించే ఆ సైలెన్సరూ బిగించాడు. ఉస్తాద్‌ని అడగలేదు. అడిగితే వద్దంటారని కాదు, చేసి చూపిద్దామని.

కొండ దిగి ఆసుపత్రికి పోయే దారిలో గెడ్డ, అంటే వాగు, దాటాక ఒక నిలువు ఎక్కుడుంది. ఒట్టి రాళ్ళదారి. ఒక్కడూ బండెక్కి, కింద నుంచే దూకుడుగా వచ్చి, ఆ ఎక్కుడు ఒక్క ఊపులో ఎక్కేశాడు. పరీక్ష అయిపోయిందనుకున్నాడు. వెనక మనిషిని పడుకోబెట్టుకుని అలా దూకించలేమన్న సంగతి ఆ సంబరంలో అతనికి తట్టలేదు.

గీకిన ఇంజనుకు వేగం మీదే బలం. మెల్లగా పోవలసిన చోట దానికి ప్రాణం ఉండదు. నొప్పులు మొదలైన సుకిరిని ఎక్కించుకుని వస్తుంటే, నడి ఎక్కుడులో ఒకసారి గుడగుడమని ఆగిపోయింది. కాలు చచ్చుబడేదాకా కిక్కు కొట్టాడు. వెనకాల నడిచి వస్తున్న మొగుడు డొంబు, అతని తమ్ముడూ పరుగున వచ్చి స్ట్రెచర్ ఊడదీసి భుజాలకెత్తుకున్నారు. ఎక్కుడు పూర్తయ్యేసరికి సుకిరి లేదు. కడుపులో బిడ్డా లేదు.

డొంబు ఒక్క మాట అనలేదు. "నువ్వేటి సేస్తావు బాబూ, మిసను కదా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆ తమ్ముడి పెళ్ళానికి నెలలు నిండాయి.

గవరాజు వెళ్ళేసరికి ఉస్తాద్ పొద్దుటి నమాజు ముగించుకుని చాప మడుస్తున్నాడు. ముసలాయన. చేతి గీతల్లో ఇంకిపోయిన గ్రీజు నమాజుకు ముందు వజూ అని ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. గవరాజు పలకరింపులు కూడా లేకుండా సంచి విప్పి, సామానంతా నేల మీద పరిచాడు.

"ఏంట్రా బేటా, నా వాకిట్లోనే దుకాణం పెట్టావు?"

"నవ్వకండి ఉస్తాద్."

"నవ్వడం లేదులే. చెప్పు."

"ఇది పెద్ద కార్బురేటరు. ఇది కొత్త రీడు వాల్వు. ఈ హెడ్డు బిగిస్తే కంప్రెషను పెరుగుద్దంట. ఏది బిగించమంటారు? అన్నీ అంటే అన్నీ బిగించేస్తాను. బండి ఎక్కుడెక్కాలి, అంతే."

ఉస్తాద్ వంగి, కార్బురేటరు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఎక్కడిదక్కడ పెట్టాడు.

"గీకిన లోహం మళ్ళీ అతుకుద్దా ఉస్తాద్?" గవరాజు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మీకు తెలిసిన కిటుకేదైనా..."

"అతకదు."

గవరాజు నేల మీద చతికిలబడ్డాడు. మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. ఉస్తాద్ అతన్ని ఓదార్చలేదు. లోపలికి వెళ్ళి, చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"లే. ఆ ఎక్కుడేదో చూపించు."

ఎక్కుడు దిగి గెడ్డ దగ్గరికి చేరేసరికి ఎండ ముదిరింది. నీళ్ళు పల్చగా పారుతున్నాయి. ఉస్తాద్ దిగి, ఎక్కుడు వంక కాసేపు చూసి, స్ట్రెచర్ మీద దుమ్ము తువ్వాలుతో దులిపాడు.

"పడుకో."

"ఎక్కడ?"

"పడుకునే చోటే. నేను తోలతాను."

"మీరా? ఆ రాళ్ళల్లోనా? నడుం పట్టేస్తే మీ ఇంట్లో నన్ను బతకనిస్తారా?"

"నా నడుం సంగతి నేను చూసుకుంటాలే. పడుకోరా."

గవరాజు పడుకున్నాడు. రోగి జారకుండా ఎలా కడతారో అలాగే, గుండెల మీదుగా ఒకటి, మోకాళ్ళ మీదుగా ఒకటి, చేతులు కూడా కలిపి ఉస్తాద్ పట్టీలు బిగించాడు. బిగువు సరిపోయిందో లేదో వేలు దూర్చి చూశాడు. తర్వాత ముందుకెళ్ళి కూర్చుని కిక్కు కొట్టాడు.

ఇన్నాళ్ళుగా ఎందరినో మోసిన బండి వెనక భాగంలో గవరాజు ఒక్కసారైనా పడుకోలేదు. ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. కొమ్మలు మీదికి వచ్చినట్టే వచ్చి పోతున్నాయి. ఎక్కుడు మొదలవగానే తల కిందికీ కాళ్ళు పైకీ అయ్యాయి. ప్రతి రాయీ వెన్నులో దిగుతోంది. కాలిన ఆయిల్ పొగ తిన్నగా ముక్కులోకి కొడుతోంది.

"ఉస్తాద్, కొంచెం మెల్లగా!"

బండి అలాగే పోతోంది.

"ఉస్తాద్!"

మెడ ఎత్తి చూస్తే తెల్ల చొక్కా వీపు కనబడింది. ఆ వీపు కదల్లేదు. గుండెల మీది పట్టీ జారి గొంతుకు అడ్డంగా వచ్చింది. చెయ్యి తీద్దామంటే రాదు. గవరాజుకు ఒక్కసారి భయం పట్టుకుంది. పేరు పెట్టి అరిచాడు. దేవుడా అని అరిచాడు. చివరికి ఏమని అరుస్తున్నాడో తనకే తెలియలేదు.

నడి ఎక్కుడులో ఇంజను గుడగుడమని ఆగిపోయింది.

ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. కింద గెడ్డ పారుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది. ఉస్తాద్ బ్రేకు పట్టుకునే మెల్లగా దిగి, చక్రం కింద రాయి తోశాడు.

"అంతలా పిలుస్తుంటే ఒక్కసారైనా పలకరేంటి ఉస్తాద్?" గవరాజు ఏడుపు గొంతుతో అడిగాడు.

ఉస్తాద్ ఆశ్చర్యంగా చూశాడు.

"పిలిచావా?"

ఆ మొహంలో నటన లేదు. నిజంగానే ఆయనకు వినబడలేదు.

గవరాజు చూపు ఆయన దిగిన సీటు మీదికి పోయింది. ఆ రోజు తానూ ఆ సీటులోనే కూర్చున్నాడు. చూపు రాళ్ళ మీద, చెవి ఇంజను మీద. వెనక్కి తిరిగి చూసింది బండి ఆగాకే. అప్పటికి సుకిరి కళ్ళు మూసుకుని ఉంది. దినాల నాడు ఆమె తల్లి వచ్చి, తన పిల్ల దారిలో బాధ పడిందా బాబూ అని అడిగితే, "లేదమ్మా, కిక్కురుమనకుండా వచ్చింది" అని చెప్పింది తనే. ఆ తల్లి ఆ మాటను కళ్ళకద్దుకుని వెళ్ళింది.

ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. గవరాజు కళ్ళు మూసుకోలేదు.

ఉస్తాద్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ముందు గొంతు దగ్గర పట్టీ వదులు చేశాడు. అది ఎక్కడ ఒరుసుకుపోయిందో బొటనవేలితో తడిమాడు.

"షెడ్డులో పాత సిలిండరు ఒకటుంది. గీకనిది. బిగిస్తే మెల్లగా ఎక్కుద్ది, ఆగదు" అన్నాడు.



ఉస్తాద్ మోకాళ్ళ మీది పట్టీ కూడా విప్పాడు.

"మామూలు సైలెన్సరే పెడదాం. మనిషి మాట వినబడుద్ది."

కట్లన్నీ ఊడిపోయాయి. గవరాజు లేవలేదు.