గానుగ సంఘం వేసిన రహస్య ఓటు

చిన్న కథే పిల్లలూ, ఉగ్గుగిన్నెడంత. అనగనగా ఒక అడవిలో ఒక నూనె గానుగ ఉండేది. దాని యజమాని ఎలుగుబంటి. ఆ ఎలుగుబంటి బావమరిది తేనెపట్టు అనుకుని కందిరీగల గూట్లో మూతి పెట్టాడు. అది వాచి, నెల్లాళ్ళు పెళ్ళిచూపులకు వెళ్ళలేదు. ఎవరితోనూ అనొద్దన్నారు. నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సరే, గానుగ దగ్గరికి వద్దాం.

పదకొండు పశువులు వంతులు వేసుకుని ఆ గానుగ తిప్పేవి. కళ్ళకు గంతలు కట్టుకుని, ఎప్పుడూ ఎడమకే తిరిగేవి. ఒక మేక గింజలు మోసేది. మండుటెండలో కూడా పని ఆగేది కాదు. ముసలి ఎద్దు కాటన్న మెడ మీద పుండు మానడమే లేదు.

"మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వకపోతే సమ్మె చేద్దాం," అంది సంఘం పెద్ద, గాడిద గంధర్వం. ఆ పేరు దాని గొంతు విననివాళ్ళు పెట్టారు.

"దొర కోప్పడడూ?" అంది బర్రె బంగారమ్మ. మేతకు తప్ప దేనికీ ముందుండదు.

"అందుకే రహస్య ఓటు. తలా ఒక చింతగింజ. సమ్మె కావాలంటే కుడి కుండలో, వద్దంటే ఎడమ కుండలో వేయాలి. ఎవరు ఎందులో వేశారో ఎవరికీ తెలియకూడదు."

"ఎవరికీ అంటే?" అని అడిగింది కాటన్న.

గంధర్వం ఆలోచించింది. అలవాటు లేని పని కదా, కాసేపు పట్టింది. "ఎవరికీ అంటే ఎవరికీ. వేసేవాళ్ళకు కూడా! గంతలు కట్టుకోండి."

మేక తల పట్టుకుంది. "గంధర్వం మావా, కుండలు పొదచాటున పెడితే పోలా? ఒక్కొక్కరే వెళ్ళి కళ్ళు తెరుచుకుని వేస్తారు."

"నువ్వు ఎప్పుడైనా గానుగ తిప్పావా?"

"లేదు."

"నీకు గంత ఉందా?"

"లేదు."

"అయితే నీకు ఓటూ లేదు."

అందరూ భలే చెప్పావన్నారు.

మొదట గంధర్వం గంత కట్టుకుంది. కట్టగానే కాళ్ళు వాటంతట అవే ఎడమకు తిరిగాయి. మూతికి కుండ తగిలింది. గింజ వేసింది. తర్వాత బంగారమ్మ కాళ్ళూ ఎడమకే తిరిగాయి. ఆ తర్వాత కాటన్న వచ్చింది. "దేవుడా, నా మెడ కాపాడు," అని దండం పెట్టుకుని మరీ ఎడమకు వెళ్ళింది. మిగతా ఎనిమిదీ అంతే.

గంతలు విప్పాక మేక కుండలు బోర్లించింది. "సమ్మెకు సున్నా. వద్దని పదకొండు."

అందరూ బంగారమ్మ వంక కోపంగా చూశారు, పదకొండూ అదే వేసినట్టు.

అంతలో ఎలుగుబంటి వచ్చింది. సంగతి విని కళ్ళు తుడుచుకుంది. "సమ్మె అంటారేమోనని భయపడి, మధ్యాహ్నం గానుగ ఆపేద్దామని చెప్పడానికే వచ్చాను. మీకు అక్కర్లేదన్నమాట! నా మీద ఇంత ప్రేమ అనుకోలేదు."

కాటన్న మెడ మీది పుండు చూపించబోయింది.

గానుగ ఆగలేదు. ఎలుగుబంటి సంతోషించి అందరికీ కొత్త గంతలు కుట్టించింది. పాతవాటికంటే మెత్తగా ఉన్నాయట.

నీతి: ఓటు రహస్యంగా వేయాలి గాని, కళ్ళు మూసుకుని వేయకూడదు.