బెల్లు మోగాక నాలుగు పాటలు

అరకు దుకాణంలో డోనట్లు వారం రోజులుగా నూనెలో మునుగుతున్నాయి. తీస్తే రాళ్లు. ఒకాయన రెండు కొరుకులు కొరికి, మిగిలింది వీధికుక్కకు వేశాడు. కుక్క వాసన చూసి వెళ్లిపోయింది.

విశాఖలో పదకొండు దుకాణాలున్న ఆ కుటుంబ వ్యాపారానికి జోయెల్ మేనేజింగ్ డైరెక్టర్. పన్నెండోది అరకులో పెట్టాలన్నది అతని పట్టుదలే. "కొండ మీద చలిలో మన సరుకు కుదరదురా" అని అన్నలిద్దరూ చెప్పి చూశారు. శనివారం కాఫీ రైతుల సంబరం. ఆ రోజు కూడా ఇంతే అయితే దుకాణం మూసేసి కిందికి దిగిపొమ్మన్నారు.

జోయెల్ మైదా మార్చాడు, ఈస్టు మార్చాడు, పనివాళ్లను తిట్టాడు. తప్పు తనదేమో అన్న అనుమానం మాత్రం రాలేదు. ఎందుకొస్తుంది? అతను పని నేర్చుకున్నది ఈ వ్యాపారం మొదలుపెట్టిన మేనత్త సుగుణమ్మ దగ్గర. ఆవిడ పిండిని చక్రాలుగా కోసి, తడిగుడ్డ కప్పి, పక్కనే కూర్చుని చర్చి పాటలు పాడేది. పాటలయ్యాక నూనెలో వేసేది. ఒక మే నెలలో జోయెల్ గడియారం పట్టుకుని చూశాడు. మూడు పాటలు, ఇరవై రెండు నిమిషాలు. ప్రతి దుకాణంలోనూ సరిగ్గా అప్పటికి మోగేలా బెల్లు పెట్టించాడు. విశాఖ ఉక్కపోతలో ఆ బెల్లు ఏనాడూ తప్పలేదు.

ఇక దారిలేక అత్తకు ఫోన్ చేశాడు. సుగుణమ్మ శుక్రవారం రైల్లో శాలువా కప్పుకుని దిగింది. శనివారం తెల్లారేసరికి పిండి దగ్గరుంది.

"ఏటయింది అల్లుడూ?"

"నువ్వు చేసినట్టే చేస్తున్నానత్తా. నిమిషం తేడా లేదు."

ఆవిడ చక్రాలు కోసింది, గుడ్డ కప్పింది, స్టూలు మీద కూర్చుని పాట అందుకుంది.

మూడో పాట ముగుస్తుండగా బెల్లు మోగింది. జోయెల్ పళ్లెం ఎత్తబోయాడు. ఆవిడ పాట ఆపకుండానే అతని చేతి మీద ఒక్కటి వేసింది.

నాలుగో పాట. అయిదో పాట. బయట జనం పోగవుతున్నారు.

"అత్తా, టైమైపోయింది. అక్కడ సంబరం మొదలైపోతోంది!"

సుగుణమ్మ అతని వేలు పట్టుకుని పిండి అంచున నొక్కించింది. నొక్కిన చోటు వెంటనే పైకొచ్చేసింది; ఆ చలికి పిండి ఇంకా పొంగలేదు. ఆవిడ ఆరో పాట ఎత్తుకుంది. జోయెల్‌కి ఏడుపొక్కటే తక్కువ. పనివాళ్లు మాత్రం హాయిగా గొంతు కలిపారు.

ఏడో పాటలో మళ్లీ నొక్కించింది. ఈసారి గుంట నెమ్మదిగా, సగమే పూడింది. సుగుణమ్మ చరణం మధ్యలో, మాట మధ్యలో, పాట ఆపేసింది.

"వెయ్యి."

వేశాడు. డోనట్టు మునగలేదు. ఒళ్లు విరుచుకుని పైకి తేలింది. తిరగేస్తే రెండు వైపులా బంగారు రంగు, నడుము చుట్టూ తెల్లటి వడ్డాణం. పనివాళ్లు ఈలలు వేశారు. జోయెల్ మొదటిది ఊదుకుంటూ కొరికి, నోరు కాలుతున్నా నవ్వాడు. వారం రోజుల తర్వాత అదే నవ్వడం.

మధ్యాహ్నానికి వరస రోడ్డు దాటింది. రైతులు కాఫీలో ముంచుకుని తింటూ ఇంటికి పొట్లాలు కట్టించుకున్నారు. సాయంత్రం పెద్దన్న ఫోన్ చేసి, "ఒరే, అక్కడ ఇంకో దుకాణానికి చోటు దొరుకుద్దేమో చూడు" అన్నాడు. జోయెల్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఫోన్ పెట్టేసి అత్త దగ్గరికొచ్చి కూర్చున్నాడు. గెలిచినా ఒక సంగతి అతనికి కొరుకుడు పడలేదు.

"అత్తా, ఎన్ని పాటలు పాడాలో ఇన్నేళ్లలో ఒక్కనాడైనా చెప్పలేదేం?"

సుగుణమ్మ వేళ్లకంటిన పంచదార దులుపుకుంది.

"పొంగేదాకా నా చెయ్యి ఊరుకోదురా. దాన్ని ఊరుకోబెట్టడానికి పాడేదాన్ని."