పన్నెండు బైట్ల తర్వాత

"నాలో లేనిది సువర్చలలో ఏం చూశారు మాస్టారూ?" అని భానోజీ ఉండబట్టలేక అడిగేశాడు.

కాకినాడలో నెట్‌వర్కు విద్య నేర్పే గోపాలదాసు మాస్టారు, రేవు కంపెనీలో ఉన్న ఒక్క ఉద్యోగానికీ భానోజీతో పాటే చదువుకునే సువర్చల పేరు పంపించారు. ఆ కబురు విన్నప్పటి నుంచి భానోజీ కడుపు మండిపోతోంది. ప్యాకెట్ హెడరులో ఆరు కనబడితే టీసీపీ, పదిహేడు కనబడితే యూడీపీ అని ప్రోటోకాళ్ళ అంకెలన్నీ అతను నిద్రలో లేపినా చెప్పగలడు. ఆవిడ ఇప్పటికీ పుస్తకం తిరగేస్తుంది! అలాంటి మనిషికా ఉద్యోగం?

మాస్టారు వాదన పెట్టుకోలేదు. తన కంప్యూటరు తెర అతనివైపు తిప్పారు. గదిలోని నెట్‌వర్కు మీద అప్పుడే పట్టిన ఫ్రేములు, అంటే కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే సమాచారపు మూటలు, అందులో వరుసగా ఉన్నాయి. "ఇవేమిటో చెప్పవోయ్," అన్నారు.

ఫ్రేములో మొదటి ఆరు బైట్లు ఎవరికో చెబుతాయి, తర్వాతి ఆరు ఎవరి నుంచో చెబుతాయి. మొదటివన్నీ ఎఫ్‌లే, అంటే గదిలో అందరికీ. తర్వాతివి సువర్చల కంప్యూటరు చిరునామా. ఫ్రేము వెనక ఫ్రేము, అన్నీ ఆవిడవే. భానోజీకి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా! నెట్‌వర్కంతా చెత్తతో నింపేస్తోంది. మీరు మెచ్చిన మనిషి నిర్వాకం ఇదండీ!"

మాస్టారు ఆ పక్కనున్న రెండు బైట్ల కింద వేలు పెట్టారు. 0806. అంటే ఏఆర్‌పీ. ఫలానా అంకె గల కంప్యూటరు ఎక్కడుందో పలకమని అడిగే ప్రశ్న. వేలు ఇంకాస్త ముందుకు జరిగింది. ఆ ఫలానా కంప్యూటరు భానోజీదే. తన పని ఎక్కడ ఆవిడ కంట పడుతుందోనని పొద్దున్నే కేబుల్ పీకేసుకు కూర్చున్నాడు. జవాబు రాక ఆవిడ కంప్యూటరు అడిగిందే అడుగుతోంది.

పక్క బల్ల దగ్గర సువర్చల తలెత్తింది. "మీ సిస్టం దొరకట్లేదండీ భానోజీ గారూ. వచ్చే వారం మీకు వేరే కంపెనీలో ఇంటర్వ్యూ ఉందిగా, నేను సాధన చేసిన ఫ్రేములన్నీ మీకు పంపుదామని పొద్దున్నుంచీ చూస్తున్నా."

భానోజీకి సిగ్గేసింది. ఆ సిగ్గులోనూ ఆవిడ మంచితనం మీద కాస్త అసూయ కలిగింది. కలగలేదంటే అబద్ధం చెప్పినట్టవుతుంది.

మాస్టారు తెర మళ్ళీ తనవైపు తిప్పుకున్నారు.

"పంపిందెవరో తెలియగానే చదవడం ఆపేశావు నాయనా," అన్నారు. "రేవు కంపెనీవాళ్ళు ఆపకుండా చదివే మనిషి కావాలన్నారు."