పదకొండు స్పీడు బ్రేకర్లు

అనకాపల్లి నూకయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. జేబులోంచి స్టాప్‌వాచీ తీస్తారు. నలభై ఏళ్లుగా సైకిలు పందేలకు పిల్లల్ని తయారుచేస్తున్న ఆయన నోటికంటే ఆ వాచీకే మాటలెక్కువ.

ఆయన శిష్యురాలు గౌరీశ్వరికి కిందటేడు జిల్లా జట్టులో చోటు తొమ్మిది సెకన్ల తేడాతో తప్పిపోయింది. ఆ తొమ్మిది సెకన్లు ఏడాదిపాటు ఆమెకు ముద్ద దిగనివ్వలేదు. వచ్చే ఆదివారం మళ్లీ ఎంపిక. అందుకే అడిగింది: "మాస్టారూ, గాలిని కోసుకుపోయే ఆ కార్బన్ చక్రాలు మన రోడ్ల మీద నిజంగా టైము మిగులుస్తాయా?"

అలాంటి జత ఒకటి మాస్టారింట్లోనే ఉంది. పాత శిష్యుడొకడు గురుదక్షిణగా ఇచ్చింది, గుడ్డ కప్పుకుని గోడకు వేలాడేది. ఆయన దాన్ని దించి ఆమె సైకిలుకు బిగించారు. మంగళవారం వీటితో, గురువారం తన పాత చక్రాలతో చోడవరం దాకా పోయి రమ్మన్నారు. వెనక స్కూటరు మీద తానూ వచ్చారు.

రెండు రోజులూ గాలి ఒక్కలాగే ఉంది, పట్టిన టైమూ ఒక్కలాగే ఉంది. ఇంత హంగూ ఉత్తిదేనా అని గౌరీశ్వరి ఉసూరుమంది. అప్పుడు మాస్టారు, స్కూటరు మీంచి దారిని ముక్కలు చేసి టైములు రాసుకున్న కాగితం తీశారు. ఊళ్లు లేని ఖాళీ రోడ్డు మీద కార్బన్ చక్రాలు ముప్పై సెకన్లు మిగిల్చాయి. ఊళ్లు దాటేసరికి ఆ ముప్పై కాస్తా మాయం.

"దారిలో స్పీడు బ్రేకర్లెన్నమ్మా?"

"పదకొండు," అంది తడుముకోకుండా.

"అది మంగళారం లెక్క. గురువారం ఎన్ని?"

పాత చక్రాల మీద ఆమె ఎన్నడూ లెక్కపెట్టలేదు. సీటు మీంచి కాస్త లేచి దాటేసేది, అంతే. మాస్టారి సొత్తు కింద ఉన్న రోజున మాత్రం ప్రతి బ్రేకరు దగ్గరా కోడిగుడ్లు మోస్తున్నట్టు వేగం తగ్గించింది. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

మాస్టారు కార్బన్ చక్రాలు మళ్లీ బిగించి, పంచె ఎగ్గట్టి తానే సైకిలెక్కారు. డెబ్బై దాటిన మనిషి, వీధి చివరి స్పీడు బ్రేకరు మీదికి నేరుగా తొక్కుకుపోయారు. ఆ చప్పుడుకి గౌరీశ్వరి నాలుగడుగులు ముందుకు పరుగెత్తింది. తిరిగొచ్చాక చూస్తే, కంకర తగిలి ముందు చక్రం అంచున వేలెడు గీత పడింది. చక్రం మాత్రం వంకర లేకుండా తిరుగుతోంది.

ఆయన ఆ గీతను బొటనవేలితో ఓసారి తుడిచి, సైకిలు ఆమె చేతికిచ్చారు.

"ఇప్పుడియ్యి పాతవైపోనాయి. ఆదివారం ఈటితోనే తొక్కమ్మా."